చివరి మీట

కణాలు లెక్కపెట్టే పెట్టెకి ఐదు మీటలు.
న్యూట్రోఫిల్ మీద అక్షరం ఎప్పుడో అరిగిపోయింది,
లింఫోసైట్ మీద సగం మిగిలింది.
చివరి మీట మాత్రం
పదహారేళ్లుగా కొత్తదే.

బేసోఫిల్.
వందలో ఒకటి, చాలా రోజులు ఆ ఒకటీ రాదు.
వస్తే ఇట్టే తెలిసిపోతుంది:
నేరేడుపళ్లు తిన్న నోరులా
ముదురు నీలం గింజలు నిండి
తన కేంద్రకాన్ని తనే కప్పేసుకుంటుంది.
ఆ గింజల్లో హిస్టమిన్. పగిలితే దురద, దద్దుర్లు.
దీని గురించి మాకు చెప్పింది అరపేజీ.

చాదర్‌ఘాట్ వంతెన దిగాక సందులో మా ల్యాబు.
పొద్దున లింబాద్రి వచ్చాడు,
మలక్‌పేట గంజిల మిర్చి బస్తాలు మోస్తాడు.
చొక్కా మడతల్లో కారం.
సూది గుచ్చేలోపు నాకే రెండు తుమ్ములు.
"ఒళ్లంత గోకుడే సార్, మిర్చి గిట్లనే జేస్తది" అన్నాడు.
లేచి పోతూ పోతూ
"రెండు బుక్కలకే కడుపు నిండుతుంది,
ఎడమ దిక్కు రాయి పెట్టినట్టు" అన్నాడు,
అదేదో లెక్కలోకి రాని మాటలా.

తెల్లకణాలు అరవై రెండు వేలంది మిషన్,
బేసోఫిల్స్ తొమ్మిది శాతమంది.
మిషన్లు పొరబడతాయి.
గాజుపలక మీద లీష్మన్ రంగు పోసి
కడిగి, ఆరబెట్టి, కంటితో చూశాను.
వంద కణాలకి చివరి మీట తొమ్మిదిసార్లు.
వినీ వినని చప్పుడు,
తాళం వేసిన గదిలో ఎవరో నడుస్తున్నట్టు.

నమ్మక ఇంకో పలక.
రెండువందలకి పదిహేడు.

థైరాయిడ్ మందగిస్తే కాస్త పెరుగుతాయి,
ఎలర్జీకి, మానని వాపుకి కాస్త.
ఈ కాస్తలన్నీ ఒకటి, రెండు దగ్గర ఆగుతాయి.
నేరం మిర్చి మీద మోపాలని నాకూ ఉంది.
కానీ మూలుగ దాటి రాకూడని పసికణాలు
ఇక్కడ నడివీధిలో తిరుగుతున్నాయి.

జబ్బు పేరు చెప్పడం నా పని కాదు.
రిపోర్టు అడుగున ఒక్క వాక్యం రాశాను:
రక్తవ్యాధుల డాక్టరుకి చూపించాలి, జన్యుపరీక్ష అవసరం.
ఫోన్‌లో డాక్టర్ తస్నీమ్ అంది:
"అనుకున్నదే అయితే రోజూ వేసుకునే మాత్రలున్నాయి.
ముందు తేలనీ. భయపెట్టకు."

చీకటి పడ్డాక వచ్చాడు.
మా ఇంటికని కాగితంలో చుట్టిన ఎండుమిర్చి,
బల్ల మీద పెట్టి
"మిర్చేనా సార్?"

"మిర్చి కాదు లింబాద్రీ."

ముఖమంతా వెలుగొచ్చింది.
"బతికిన. అయితే రేపు గంజికి పోవచ్చు!"

కుర్చీ దగ్గరికి జరిపాను.
కూర్చో, అన్నాను.