ప్రాణాలెన్ని

పొర్వెనీర్‌లో గాలికి సెలవుండదు.
ఆ మధ్యాహ్నం మరీను. షెడ్డు రేకు తలుపు
రెండుసార్లు ఊడింది, రెండుసార్లూ మేమే బిగించాం.

ఫైరింజన్‌లో కూర్చుని రేడియో వింటున్నాను.
యుర్కోవిచ్ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు
నింపాదిగా, పెళ్ళికి బయల్దేరినవాడిలా.

"ఎడమ ఇంజన్లో మంట. ఆర్పాను.
ఆరిందనే అనుకుంటున్నాను."
పైలట్ గొంతులో ఆ చివరి మాట ఒక్కటే వణికింది.

టవర్‌లో ఎదెల్మీరా.
జలసంధికి అవతల పెద్ద ఊరు, పొడుగాటి రన్‌వే,
నాలుగు ఫైరింజన్లు, ఆసుపత్రి.
పన్నెండు నిమిషాలు, అంతా నీళ్ళ మీద.
ఇక్కడ మేం ముగ్గురం, ఒక బండి, అడ్డగాలి.
అటు ఎందుకు వెళ్ళవని ఆమె అడగొచ్చు.
అడగలేదు.
ఆ ప్రశ్నను ఎంత బలంగా అదిమిపెట్టిందో
తర్వాత, చల్లారిన కాఫీ కప్పును
ఆమె వేళ్ళు వదలకపోవడంలో చూశాను.

చేతులు ఖాళీ లేనివాడి నెత్తిన
మాటల మూట పెట్టకూడదు.
"గాలి రెండువందల అరవై, ముప్పై ఎనిమిది."
మళ్ళీ అదే. మళ్ళీ.
జ్వరం పిల్లాడికి ముద్ద పెట్టినట్టు ఒక్కొక్క అంకె.

ఆఖర్న ఒకే ప్రశ్న: "ప్రాణాలెన్ని?"
మనుషులెంతమంది అనరు మా పనిలో.
"పద్దెనిమిది."
యుర్కోవిచ్ సుద్దముక్కతో బండి తలుపు మీద 18 వేసి
కింద ఒక గీత గీశాడు, ఎందుకో.

మబ్బులోంచి పీతలా పక్కకు నడుస్తూ వచ్చింది విమానం,
ముక్కు గాలివైపు, రాక మావైపు.
నేల అందే క్షణంలో తిన్నగా తిరిగి
ఒక చక్రం ఆనించి
రెండోదానికి చాలాసేపు ఆలోచించి...

నురుగు. పొగ.
ఎవరిదో ఎర్ర ఉన్నిటోపీ రన్‌వే పొడుగునా దొర్లిపోయింది.
దాని వెంట పరిగెత్తాలనిపించింది నాకు, సిగ్గులేకుండా.

గడ్డిలో నిలబెట్టి లెక్కపెట్టాను.
గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు, పళ్ళ డాక్టరమ్మ, కవలలు,
ఒక కాలికే బూటున్న ముసలాయన.
పంతొమ్మిది.
మళ్ళీ పెట్టాను. పంతొమ్మిది.
ఒక ప్రాణం ఎక్కువైనా గుండె జారుతుందని
అప్పటిదాకా తెలీదు.

రెక్క కింద ఒంగి, మోకాళ్ళ మీద చేతులానించి
వాంతి చేసుకుంటున్నాడు ఒకాయన, చొక్కా భుజాల మీద చారలు.
ఏరు దాటించినవాడు
తనను లెక్కలో వేసుకోలేదు.

యుర్కోవిచ్ ఎనిమిదిని అరచేత్తో తుడిచాడు.
సుద్ద ఎక్కడ పడేశాడో.
తడివేలితో తొమ్మిది రాశాడు.
గాలికి అది ఆరిపోయేలోపు
రెండుసార్లు చదువుకున్నాను.