బార్న్స్లీ టికెట్

షెఫీల్డ్ బస్ స్టేషన్‌లో ఆ మంగళవారం
మా క్లాసు హోంవర్క్: కావాలని నత్తిగా మాట్లాడి రావడం.

"బ... బ... బ..." అన్నాను.
బేక్‌వెల్ నోట్లోనే ఉంది.
వెనక వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు.
కౌంటర్లో ఆమె కళ్లు దించుకుని, దయగా,
"బార్న్స్లీనా?" అంది.

తలూపాను.
నత్తి అబద్ధం, చెమట మాత్రం నిజం.

మధ్యాహ్నం క్లినిక్‌లో
ఆ టికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు
అరవై దాటిన డెస్మండ్ ఆల్డర్సన్.
"నే... నే... నే..."
మాట అందించబోయి నాలుక కరుచుకున్నాను.
కిటికీ అవతల ట్రామ్ వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది.

"...నేను చాలాసార్లు వెళ్లాను బార్న్స్లీకి.
అక్కడ నాకెవరూ లేరు."