ఈ అక్షరం

నరసాపురం కోర్టు ఎదుట, రేకుల చూరు కింద
నా మిషనులో ఈ అక్షరం సరిగా పడదు.
ఏడేళ్లయింది. రిబ్బను మార్చినా, కిరసనాయిలుతో కడిగినా
దాని జాగాలో ఒక మసక,
చీమ నడిచిపోయినట్టు.

అందుకే నాకు ఫ్రాడ్ అంటే ఇష్టం.
అయిదక్షరాలు, ఒక్క ఈ లేదు. టకటకా పడిపోతుంది.
ట్రిక్‌లో లేదు, బ్లఫ్‌లో లేదు.
చీట్‌లో ఉంది. అది పడకపోతే చాట్ అవుతుంది,
ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకున్నారని
మేజిస్ట్రేటు గారు అనుకుంటారు.
డిసీవ్‌లో మూడు.
ఆ మాట కొట్టమన్న ప్లీడరుతో బేరమాడతాను.

మధ్యాహ్నం పంటు దిగి
కొల్లాబత్తుల దీవెనమ్మ వచ్చింది.
చెప్పులకి రేవు బురద ఇంకా ఆరలేదు.
సంచినిండా లేసు, రిజక్టని తిరగ్గొట్టిన దొంతులు.
కురుసు సూది రాసుకుని రాసుకుని
చూపుడువేలి కొస కాయకాచి ఉంది.
"పద్నాలుగు మందిమి బాబూ, పదకొండు నెలల కూలి.
శఠగోపం పెట్టాడు తాతాజీ.
అరచేతిలో వైకుంఠం చూపించాడు.
చెవిలో పువ్వెట్టి, పంగనామాలెట్టి
పడవెక్కేశాడు."

నవ్వొచ్చింది నాకు.
ఆదివారమాదివారం చర్చిలో ముందు చాప మీద కూర్చునే మనిషి,
గుడి మెట్లెక్కని ఆ నెత్తికి శఠగోపం ఎలా అందిందో!
మన మోసాలన్నీ గర్భగుడిలోంచి నడిచొచ్చాయి కాబోలు,
తులసి వాసనతో.
ఇంగ్లీషువి కోర్టులోంచి వస్తాయి:
డిజానెస్ట్‌లీ, ఇండ్యూస్డ్, విత్ ఇంటెంట్,
ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని.

"మోసపోయాను అని రాయనా?"
"పోలేదు," అంది.
"నేనెక్కడికి పోయాను? గుమ్మంలో కూర్చుని అల్లుకుంటున్నా.
వాడే వచ్చాడు. సైకిలు స్టాండేశాడు. మంచినీళ్లడిగాడు.
పోయినోడు వాడైతే
పోయాను, పోయాను అని
నేనెందుకు రాయించుకోవాలి?"

ముప్పయ్యేళ్లుగా కొడుతున్నాను,
ఆ మాటకి కాళ్లున్నాయని ఎప్పుడూ చూడలేదు.
వాజ్ చీటెడ్, అని కొట్టాను.
రెండు ఈలు. రెండూ మసకే.

అప్పుడు రవికలోంచి మరో కాగితం తీసింది,
నాలుగు మడతలు, చెమటకి మెత్తబడింది.
తాతాజీ వేలిముద్రలు వేయించుకున్న రసీదు నకలు.
ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్.
రెండు కాగితాలూ కలిపి
ఎండకి ఎత్తి పట్టుకుంది,
లేసు ముక్క బేరం చూసినట్టు.

"నాకు ఇంగ్లీషు రాదు. కన్నాలు తెలుసు.
ఏ కన్నం ఏ ఇంటి అల్లికో
దారం తాకకుండా చెప్పగలను.
ఈ రెండూ ఒక చేతివే."

వశిష్ఠ మీద పంటు కూతేసింది.
నిరుడు వానాకాలం. పద్నాలుగు కాపీలు.
పేజీకి నాలుగు రూపాయలు.
టీ కూడా ఇప్పించాడు తాతాజీ, అల్లం టీ.
నేను కొడుతున్నదేమిటో నాకు తెలుసు.
వాళ్లకి చదివి వినిపిస్తావా అని
అడగలేదు.
అడగకపోవడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో
అందులో ఈలెన్నో
నేను చూసుకోలేదు.

పెన్ను తీశాను.
మసకబారిన ఒక్కొక్క ఈనీ
చేత్తో నింపడం మొదలుపెట్టాను.
ఆవిడ బల్ల మీదికి వంగింది,
గళ్లు లెక్కపెట్టే కళ్లతో.
అయిపోయిందనుకుని కాగితం తిప్పబోతే
ఆ కాయకాచిన వేలు అడ్డం పెట్టి
ఆపింది.

"అక్కడొకటి వదిలేశావు."