రెండేళ్లు లోపల

ఒంగోలు క్లబ్బు వెనక మట్టి కోర్టు.
ఐదున్నరకే మాలకొండయ్య పైపు పట్టుకుని
ఎర్రమట్టికి నీళ్లు తాగిస్తుంటాడు.
కొత్తపట్నం వైపు నుంచి ఉప్పుగాలి.
సున్నం గీతలు ఇంకా తడారలేదు.
నేను బెంచీ మీద కూచుని
కుడి మోకాలికి పట్టీ బిగిస్తున్నాను,
మొండి దూడకి పలుపు కట్టినట్టు.

ముప్పై ఏళ్లు టంగుటూరు వేలంలో
పొగాకు గ్రేడు కట్టినవాణ్ణి.
ఆకుని రెండు వేళ్ల మధ్య నలిపితే చాలు,
ఏ నేలలో పెరిగిందో
ఏ బ్యారన్లో ఒక పూట ఎక్కువ ఉడికిందో చెప్పేవాణ్ణి.
రైతు మొహం చూడకుండా నంబరు రాసేవాణ్ణి.
చూస్తే రాయలేను గనక.

ఇప్పుడు నా నంబరు
ఎక్సైజు రత్తయ్య కొడుకు నిఖిలేషు సెల్లులో ఉంటుంది.
"నిరుడు నాలుగు, అంకుల్. ఈ ఏడు మూడున్నర."
వాడూ నా మొహం చూడలేదు.
మంచి గ్రేడరవుతాడు.

ఆ అర ఎక్కడ పోయిందా అని వెతికాను.
సర్వీసులో కొంత:
బంతి ఎగరేసి ఆకాశంలోకి చూస్తే
భుజంలో తుప్పు పట్టిన గడియ కిర్రుమంటుంది.
బ్యాక్‌హ్యాండు మూలకి పరిగెత్తే మూడో అడుగులో కొంత.
రెండడుగులు ఇప్పటికీ నావే,
మూడోది ఎవరినో అడిగి తెచ్చుకోవాలి.

అయినా ఒకటి చెప్పాలి.
ఇరవై తొమ్మిదేళ్లప్పుడు
నాకు బంతి తప్ప ఏమీ కనపడేది కాదు.
ఇప్పుడు అవతలివాడి మడమ కనపడుతుంది,
వాడి బొటనవేలు ఏ వైపు మట్టిని తవ్వుతోందో కనపడుతుంది.
బంతి వాడి రాకెట్టుకి తగలకముందే
అది ఎక్కడికొస్తుందో నాకు తెలుసు.
తెలిసీ అక్కడికి పోలేను.
బుద్ధి పినాకినికి వచ్చి దిగుతుంది,
కాళ్లు కృష్ణాకి వస్తాయి.
ఆ రెండు బండ్ల మధ్య
ఒంగోలు ప్లాట్‌ఫారం మీద
నా పాయింటు ఒంటరిగా నిలబడి ఉంటుంది.

డెబ్బై నాలుగేళ్ల జాన్ వెస్లీ మాస్టారు
డబుల్స్ తప్ప ఆడడు.
నెట్టు కాడ పాతినట్టు నిలబడి
"పరిగెత్తడమెందుకబ్బయ్యా, అదే వస్తుంది" అంటాడు.
నిజంగానే వస్తుంది.
పులుసులో ఉప్పు వేసినంత జాగ్రత్తగా
దాన్ని అవతల వదుల్తాడు.
కుర్రాళ్లు ఒకర్నొకరు తొక్కుకుంటూ వచ్చేసరికి
బంతి రెండోసారి పడి ఉంటుంది.
ఆయనకి ఏ సెల్లులోనూ నంబరు లేదు.

ఇవాళ నిఖిలేషుతో సింగిల్స్.
ఐదూ ఐదు.
ఎట్టా వచ్చిందో అడక్కండి,
లాబులూ, కోతలూ, మధ్యలో కొంచెం దగ్గూ.
వాడు కొట్టిన బంతి నా ఎడమ గీత కాడ పడింది.
లోపలో బయటో తెలీలేదు.
పసుపుపచ్చ మసక, ఒక చప్పుడు, అంతే.
ఆకు ఈనెలో ఆవగింజంత మచ్చ పట్టుకున్న కళ్లు ఇవే.

"బయటే అంకుల్. పాయింటు మీదే."
ఎంత మెత్తగా అన్నాడంటే
నాకు ఒళ్లు మండింది.
మూడున్నర అన్నప్పుడు కూడా
ఇంత ముసలివాణ్ణి కాలేదు.

"మాలకొండయ్యా, ఇట్టా రా."
గొంతుక్కూచుని మచ్చ చూశాడు.
గీతకీ మచ్చకీ మధ్య వేళ్లు ఆనించాడు.
"లోపలే సార్. రెండేళ్లు లోపల."
వేళ్లయినా ఏళ్లయినా అతని నోట్లో ఒకటే మాట.
నేనేం దిద్దలేదు.
గోనెసంచి ఈడ్చుకుంటూ పోయి
ఆ మచ్చ చెరిపేశాడు.

బంతి వాడికి విసిరాను.
"పాయింటు నీది. ఇంకోసారి నా మీద జాలిపడితే
మీ నాన్నకి చెప్తా."
సిగ్గుపడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.
తర్వాత పళ్లు బిగించి సర్వు చేశాడు.

బంతి వెళ్లిపోయాక
దాని గాలి వచ్చి చెంపకి తగిలింది.
అమ్మయ్య అనుకుని
పట్టీ పైకి లాక్కుని
అవతలి గడిలోకి నడిచాను.