వేగు

మా తాత సారా కాసే రోజుల్లో
ఆ మాటని గుసగుసగా అనేవాడు:
"వేగులోడొచ్చినాడు, పొయ్యి ఆర్పండి."
ఇప్పుడు నా మెళ్ళో వేలాడే కార్డు మీద
ఇంగిలీషులో అదే ఉద్యోగం.
జేబులో స్టాప్‌వాచీ,
సంచిలో కొలతటేపు, రెండిడ్లీల పొట్లం.

పలమనేరులో పరుగెత్తే పిల్లల్ని,
పుంగనూరులో దూకే పిల్లల్ని చూస్తాను.
చూస్తున్నానని తెలిసిందా,
వాళ్ళ కాళ్ళు మారిపోతాయి.
అందుకే గేటు బయట చెరుకురసం బండి పక్కన
ఎవరికో మేనమామలాగా నిలబడతాను.
గెలిచినవాణ్ణి అందరూ చూస్తారు.
నేను నాలుగోవాణ్ణి చూస్తాను,
ఓడాక వాడి ఊపిరి ఎంతసేపటికి కుదుటపడిందో,
ఉత్తకాళ్ళతో మలుపు ఎట్లా తిరిగాడో.

ఈసారి మాత్రం వెతకలేదు.
జూన్ నెల. దామలచెరువు.
తిరుపతి బస్సు తప్పిపోయి
తెల్లారుజామున నాలుగింటికి
మామిడి మండీ ముందు టీ తాగుతున్నాను.
లారీల మీద వేగుచుక్క.
లైటు కింద తోతాపురి కాయల కొండ,
చుట్టూ కాయ ఏరే ఆడవాళ్ళు.

ఒక పిల్ల. పదహారుంటాయేమో.
మంచి కాయని నిద్రపోయే బిడ్డలా పక్కన పెడుతోంది.
నడిరకాన్ని గంపలోకి జారుస్తోంది.
మచ్చపడ్డదాన్ని మాత్రం
కూర్చున్నచోటు నుంచే, తల తిప్పకుండా
భుజం మీదుగా విసురుతోంది,
ఆటోలు దాటి, పడుకున్న ఆవును దాటి
రోడ్డవతల గుంతలోకి.
ఒక్కటీ అంచుకు తగల్లేదు.
పనికిరాని కాయలు అంత దూరం పోవడం
ముందెప్పుడూ చూళ్ళేదు నేను.

టీ చల్లారింది.
అడుగులతో కొలిచాను. ముప్పై ఆరు.
నమ్మకం లేక మళ్ళీ కొలిచాను.
"ఏం సార్, గుంత కొలస్తా ఉండావు, కొంటావా?"
అంది మునికుమారి, చెయ్యి ఆపకుండా.

చెప్పాను. ఈటె అన్నాను.
ఆదివారం తిరుపతి గ్రౌండు అన్నాను.
హాస్టలు, పాలు, గుడ్లు, బూట్లు అన్నాను.
బూట్లు అన్నప్పుడు ఒకసారి ఇటు చూసింది.
"ఆదివారం కూలి ఎవురిస్తారు?"

నా ఫారంలో పన్నెండు గళ్ళున్నాయి.
ఎత్తు, బరువు, చేతుల బార,
ముప్పై మీటర్ల పరుగు, పాత దెబ్బలు.
ఈ ప్రశ్నకి గడి లేదు.

మండీ రెడ్డెప్ప విని నవ్వాడు.
ఒక కాయ తీసి నా చేతిలో పెట్టాడు.
"పైకి ఎట్లుండాది?"
"బాగుంది."
కోశాడు. టెంక చుట్టూ నలుపు.
"ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండా సార్.
పదిట్లో రెండు ఇట్లే. కాయనేమంటాం."

గజేంద్ర గుర్తొచ్చాడు. వాయల్పాడు పిల్లాడు.
నేనే ఎంచాను, నేనే బస్సెక్కించాను.
రెండో ఏడు మోకాలు జారింది.
ఇప్పుడు పీలేరు బస్టాండులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతాడు.
నన్ను చూస్తే లేచి నిలబడతాడు, ఇప్పటికీ,
ఆ మోకాలితోనే.

నేను ఎంచని పిల్లల పేర్లయితే నాకు తెలీవు.
గుంతకవతల వాళ్ళు ఎంతెంత దూరం పడ్డారో
కొలిచే టేపు లేదు నా దగ్గర.

వేగు అంటే గూఢచారి.
వేగడం అంటే తెల్లవారడం.
నూనెలో వడలు వేగుతాయి, అదీ వేగడమే.
ఏ అర్థంలో తిరుగుతున్నానో
ఒక్కోసారి బస్సు కిటికీకి తల ఆనించి
నన్ను నేనే అడుగుతాను.

బస్సొచ్చింది. ఎక్కలేదు.
గంప బోర్లించి, దాని మీద ఫారం పరిచాను.
తండ్రి పేరు అడిగితే "అమ్మ పేరు రాయి" అంది.
ఎత్తు ఉజ్జాయింపుగా వేశాను,
లేచి నిలబడే తీరిక ఆమెకి లేదు.
చివర్లో సంతకానికీ ముద్రకీ మధ్య
మిగిలిన సందులో రాశాను:
ఆదివారం కూలి నాలుగు వందల యాభై.
బస్సు చార్జీ వేరే.

ఎవరిస్తారో రాయలేదు.
జేబు తడుముకుంటుంటే
మునికుమారి ఇంకో కాయ తీసింది.
కొండ ఇంకా సగం ఉంది.