అడ్డం, నిలువు

ఆదివారం పేపరు మడిచి
కొత్తవాడ మూలమీది హోటల్ల గళ్ళు నింపుతున్న.
ఒకటి అడ్డం: జూదంల ముక్క, మగ్గంల దారం. రెండక్షరాలు.
"పేక"
చాయ్ ఊదుకుంటనే చెప్పిండు రాజీరు కాక.

ఐదు అడ్డం: పెండ్లిల చుట్టాలు కూసునేది. నాలుగు.
"జంపఖానా.
మేం నేసినం, మీరు కూసున్నరు."

తొమ్మిది: మగ్గం మీద అటు ఇటు ఉరికేది.
కండె అని రాసి కొట్టేసిన.
"నాడె, బిడ్డా. కండె దాని కడుపుల ఉంటది."

సదువు రాదు కాకకు.
"ల్యాంక్లాత్‌కు ఎన్ని గళ్ళు వడ్తయి?
ముప్పయేండ్లు మిల్లుల గజాలు లెక్కవెట్టిన,
గిది తెల్వది."
మూడో నాలుగో, నాకూ తెల్వది.

"అవునుగని, అడ్డం మొదలువెట్టినవేంది?
నిలువు గదా ముందు.
పడుగు లేంది పేక దేనిమీద నిలుస్తది?"
పెన్ను ఆగింది.
ఇన్ని ఆదివారాలు
ఉత్తగాలిల నేసిన్నన్నమాట.

వంగి చూసిండు.
"గీ నల్లయేంది?"
"ఆడ అక్షరముండదు కాకా."
"గట్లయితే పోగు తెగింది."
వేలు నాలుకకద్దుకొని
ఆ నల్లగడి మీద
బొటనవేలు, చూపుడువేలు కలిపి
మెల్లగ మెలివెట్టిండు.

కాయితం కొంచెం చినిగింది.