అయిదో మనిషి

పర్లాకిమిడిలో మా కొమ్ముదువ్వెనల సంఘానికి
ఓ గది, ఓ ఫ్యాను, పద్దెనిమిది కుర్చీలు.
మినిట్స్ పుస్తకం నా దగ్గరుంటుంది.
ఆకురాయి పట్టిన కొమ్ముపొడి దాని పేజీల్లో ఇప్పటికీ ఉంది,
విప్పితే తుమ్మొస్తుంది.
ఆ ఏడాది తుమ్మడానికీ భయపడ్డాం.

తలుపు మీద అంటించిన కాగితం ఒడియాలో ఉంది.
బమ్మిడి నీలయ్యకి చదవడం రాదు.
ప్రమోదిని మాస్టరమ్మ చదివి మన మాటల్లో చెప్పింది:
అయిదుగురు, అంతకు మించి, ఒకచోట చేరరాదు.
"అయితే నలుగురం చేరొచ్చు" అన్నాడు నీలయ్య
బేరం కుదిరినవాడిలా.

అప్పుడు కోపం రాలేదు, నిజం చెప్పాలి.
కిరాణా కొట్టు సాహు శవాన్ని
మునిసిపాలిటీ బండి తీసుకుపోతుంటే
కిటికీలు మూసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.
కాగితం గాలికి లేస్తోందని
ఇంకో రెండు మేకులు కొట్టించింది నేనే.

తర్వాత పాతపట్నం రోడ్డుకి అడ్డంగా మట్టి పోశారు.
అవతల ఆంధ్రా, ఇవతల ఒడిశా,
మధ్య మనిషెత్తు మట్టి.
టీ చల్లారేలోగా చేరే ఊరు
ఫోన్లో మాట్లాడుకునే ఊరైపోయింది.
తామాడ ఎర్రన్నకి వారానికి రెండుసార్లు
శ్రీకాకుళంలో రక్తం శుద్ధి చెయ్యాలి.
కొడుకు వీపున మోసుకుని ఆ గుట్ట ఎక్కాడు.
అవతలి పోలీసు టెస్టు కాగితం అడిగాడు.
ఇవతలి పోలీసు పాసు కాగితం అడిగాడు.
ఎర్రన్న మట్టి మీదే కూలబడ్డాడు,
ఒక్కో రాష్ట్రంలో ఒక్కో కాలు.

దరఖాస్తు రాద్దామని కూర్చున్నాం.
లోపల నలుగురం.
అయిదోది సవరపిల్ల లూదియా, కిటికీ బయట.
చువ్వల్లోంచి మాటలు అందించింది.
"దయతో అని రాయకండి" అన్నది తనే.
వేలిముద్రలకి ప్యాడు కూడా చువ్వల్లోంచే ఇచ్చాం.
శానిటైజర్ తడి ఆరని వేళ్ళు,
సిరా పారింది, గీతలు కలిసిపోయాయి,
అన్నీ ఒకే మనిషి ముద్రల్లా పడ్డాయి.
కలెక్టరాఫీసు గుమాస్తా తిప్పి పంపాడు,
ఎవరివో తేలడం లేదని.
పుస్తకంలో రాశాను:
హాజరు నలుగురు. బయట నిలబడినవారు ఒకరు.

మట్టి ఎత్తేసేసరికి ఎర్రన్న లేడు.

జబ్బు పోయింది.
మిగిలిన మాస్కులతో దువ్వెనలకి మెరుగు పెట్టాం,
మెత్తటి గుడ్డ, బాగా పనికొచ్చింది.
కాగితం మాత్రం పోలేదు.
మొన్న కొమ్ము ధర గురించి మీటింగు పెడితే
కానిస్టేబులు అదే తెచ్చాడు,
తారీఖు పెన్నుతో దిద్ది ఉంది.
ఆ సాయంత్రమే ఎవరో నాయకుడి మోటారుసైకిళ్ళు
రాజవీధి పట్టకుండా పోయాయి,
ఎవడూ లెక్కపెట్టలేదు.
"ఇప్పుడేం జబ్బు బాబూ?" అన్నాను.
"మీటింగే జబ్బమ్మా" అని నవ్వాడు.
మంచివాడే, మా పక్కవీధి.

నాకు ఆ కాగితమంటే భయం లేదు.
మొన్న పెళ్ళిలో వడ్డన మానేసి
పంక్తిలో తలలు లెక్కపెట్టాను.
టీబడ్డీ దగ్గర నలుగురుంటే
రోడ్డవతలే ఆగిపోయాను.
రాత్రి మా ఇంట్లో మామగారు, ఆయన,
ఇద్దరు పిల్లలు, నేను.
కాసేపు లేచి గుమ్మం బయట కూర్చున్నాను.
ఏమైందంటే, ఉక్కగా ఉందన్నాను.

గురువారం లూదియా వచ్చింది.
లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి,
అయినా కిటికీ దగ్గరే నిలబడింది.
అలవాటు పోలేదా అంటే,
"ఎవులొస్తన్నారో ఇక్కడ్నించే అగుపిస్తది" అంది.

హాజరు అని రాసి
అంకె వెయ్యబోయి ఆగాను.
పేర్లు రాయడం మొదలెట్టాను:
నీలయ్య, ప్రమోదిని, కామేశు, నేను, లూదియా.
మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడు.
చెప్పులో బూట్లో ఇంకా తెలియడం లేదు.
పెన్ను మూత పెట్టలేదు.